ఫాన్ బ్రోడీ: దాచిన పుటలు చదివిన జీవిత చరిత్రకారిణి

1946 వేసవి ఆరంభంలో ఇద్దరు మోర్మన్ మిషనరీ యువకులు కనెటికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో ఒక ఇంటి తలుపు తట్టి ఓ ఉత్తరం ఇచ్చి వెళ్ళారు. ఆ ఉత్తరం అందుకున్న ఇల్లాలు ముప్ఫై ఏళ్ళ ఫాన్ మెకే బ్రోడీ. సంఘం విచారణ సభ ఎదుట హాజరై, తన మీద వచ్చిన మతద్రోహ అభియోగానికి సమాధానం చెప్పుకోవాలన్నది అందులోని సారాంశం. ఆమె వెళ్ళలేదు. జూన్ నెలలో సంఘం ఆమెను వెలివేసింది.

ఆమె చేసిన నేరం ఒక పుస్తకం రాయడం. మోర్మన్ మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్ జీవిత చరిత్ర అది. ‘నో మాన్ నోస్ మై హిస్టరీ’ (నా చరిత్ర ఏ మనిషికీ తెలియదు) అన్న పేరుతో 1945 నవంబరులో ఆల్ఫ్రెడ్ నాఫ్ సంస్థ దాన్ని ప్రచురించింది. స్మిత్ తన మరణానికి కొద్ది నెలల ముందు ఒక ప్రసంగంలో అన్న మాటనే ఆమె పుస్తకానికి పేరుగా పెట్టుకున్నారు. ప్రవక్త తన చరిత్ర ఎవరికీ తెలియదన్నాడు. తెలుసుకునే ప్రయత్నం చేస్తానన్నది, ఆ మతంలోనే పుట్టి పెరిగిన ఒక యువతి.

తర్వాతి ముప్ఫై అయిదేళ్ళలో బ్రోడీ మరో నాలుగు జీవిత చరిత్రలు రాశారు. బానిసత్వ నిర్మూలన కోసం పోరాడిన థాడియస్ స్టీవెన్స్, యాత్రికుడు రిచర్డ్ బర్టన్, అమెరికా మూడవ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్, ముప్ఫై ఏడవ అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్. పైకి ఈ అయిదుగురికీ పొంతన కనిపించదు. కాని అయిదుగురి జీవితాల్లోనూ ఎవరో ఒకరు మూసేసిన గది ఒకటి ఉంది. కొందరి విషయంలో ఆ పని వాళ్ళే చేసుకున్నారు, కొందరి విషయంలో భార్య, అనుచరులు, అభిమానులైన చరిత్రకారులు చేశారు. ఆ తలుపు దగ్గర నిలబడి లోపల ఏముందని అడగడమే బ్రోడీ జీవితకాలపు వృత్తి. కొన్నిసార్లు ఆమె ఊహ సరిగ్గా తగిలింది. కొన్నిసార్లు గురి తప్పింది. ఆమె మరణానంతరం చాలా ఏళ్ళకు జన్యుపరీక్ష అనే కొత్త సాక్షి వచ్చి, ఒకచోట ఆమె ఊహకు బలమిచ్చి, మరొకచోట కాదంది. జీవిత చరిత్రలు ఇష్టపడే పాఠకులు ఆమె గురించి తెలుసుకోవలసింది ముఖ్యంగా ఇందుకే.

పుట్టిల్లు

ఫాన్ మెకే 1915 సెప్టెంబరు 15న యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌లో పుట్టారు. పక్కనే కొండల నడుమ ఉన్న హంట్స్‌విల్ అనే పల్లెలో పెరిగారు. మోర్మన్ సమాజంలో ఆ కుటుంబానిది పెద్ద పేరు. తల్లి తండ్రి జార్జ్ బ్రిమాల్, బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా పనిచేశాడు. తండ్రి థామస్ మెకే సంఘంలో ఉన్నతాధికారి. పెదనాన్న డేవిడ్ మెకే అప్పటికే పన్నెండుమంది అపొస్తలులలో ఒకడు. 1951లో యావత్ మోర్మన్ సంఘానికి అధ్యక్షుడై, 1970లో చనిపోయేదాకా ఆ పదవిలో ఉన్నాడు. అలాంటి ఇంట్లో ప్రవక్త కథ పురాణం కాదు, దాదాపు కుటుంబ చరిత్ర.

యూటా విశ్వవిద్యాలయంలో 1934లో ఆంగ్ల సాహిత్యంలో పట్టా తీసుకుని, ఎం.ఏ. కోసం ఆమె షికాగో వెళ్ళారు. అక్కడే మతవిశ్వాసం సడలింది. ఎండాకాలంలో ఒంటి మీది బరువైన కోటు విప్పేసినంత హాయిగా అనిపించిందని తర్వాతి రోజుల్లో ఆమె చెప్పుకున్నారు. 1936 ఆగస్టు 28న, ఎం.ఏ. పట్టా అందుకున్న రోజే, బెర్నార్డ్ బ్రోడీని పెళ్ళిచేసుకున్నారు. లాట్వియా నుంచి వలసవచ్చిన యూదు కుటుంబంలో పుట్టిన బెర్నార్డ్, తర్వాతి కాలంలో అణ్వాయుధ యుగపు యుద్ధనీతి మీద అమెరికాలో మొదటి వరుస ఆలోచనాపరుడిగా పేరుపొందాడు.

విశ్వాసం పోయినంత మాత్రాన ప్రశ్న పోలేదు. మోర్మన్ గ్రంథం ఎక్కడినుంచి వచ్చింది? న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పేద రైతుబిడ్డ, చదువు అంతంతమాత్రంగా ఉన్న ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడు, 1830లో ఆరువందల పుటలకు దగ్గరైన గ్రంథం ఎలా అచ్చువేయగలిగాడు? బంగారు రేకుల మీద చెక్కిన ప్రాచీన చరిత్రను దైవశక్తితో అనువదించానని స్మిత్ చెప్పాడు. విశ్వాసులకు ఆ మాట చాలు. బ్రోడీకి చాలలేదు. చిన్న వ్యాసంగా అనుకున్నది పెరిగి పెద్దదై, 1943లో నాఫ్ సంస్థ ఇచ్చిన ఫెలోషిప్‌తో పుస్తకంగా రూపుదిద్దుకుంది.

ప్రవక్త కథ

బ్రోడీకి ముందు జోసెఫ్ స్మిత్ గురించి రెండు రకాల పుస్తకాలుండేవి. ఒకటి భక్తులు రాసినవి, రెండవది ద్వేషులు రాసినవి. మొదటివాటిలో స్మిత్ దోషం లేని దైవదూత, రెండవవాటిలో పచ్చి మోసగాడు. బ్రోడీ ఈ రెండింటినీ పక్కనబెట్టారు. ఆనాటి వార్తాపత్రికలు, కోర్టు కాగితాలు, భూమి దస్తావేజులు, డైరీలు, సంఘం నుంచి విడిపోయినవారి వాంగ్మూలాలు ముందుపెట్టుకున్నారు. అమెరికా ఆదివాసులు ఇజ్రాయెలు నుంచి తప్పిపోయిన గోత్రాల సంతతి అన్న ఊహ ఆ కాలంలో ఎంత ప్రచారంలో ఉండేదో చూపించారు. స్మిత్ గ్రంథానికి ఏడేళ్ళ ముందే ఈథన్ స్మిత్ అనే పాదరి అదే ఊహను సమర్థిస్తూ పుస్తకం రాశాడని గుర్తుచేశారు. మోర్మన్ గ్రంథానికి మూలం ఆకాశంలో కాక ఆనాటి అమెరికన్ నేలలో ఉందన్నది ఆమె వాదం.

అంతకంటె ఎక్కువ గాయం చేసింది మరొక విషయం. ప్రవక్త కావడానికి ముందు స్మిత్, ఒక రాతిని టోపీలో పెట్టుకుని అందులోకి చూసి, భూమిలో దాగిన నిధులు ఎక్కడున్నాయో చెప్పే పని చేసేవాడని, 1826లో అందుకే న్యాయాధికారి ఎదుట నిలబడ్డాడని తెలిపే కోర్టు నివేదికను బ్రోడీ అనుబంధంలో అచ్చువేశారు. అది కల్పితమని సంఘం పక్షాన వాదించారు. 1971లో న్యూయార్క్ రాష్ట్రంలోని నార్విచ్‌లో పాత రికార్డుల కట్టల్లో ఆ న్యాయాధికారి ఖర్చుల చీటీ దొరికింది. అందులో స్మిత్ పేరు పక్కన వృత్తి ‘అద్దంలో చూసేవాడు’ అని ఉంది. రుసుము రెండు డాలర్ల అరవై ఎనిమిది సెంట్లు. విచారణ జరిగిందా అన్న ప్రశ్నకు ఆ చిన్న చీటీ జవాబు చెప్పింది.

స్మిత్ బహుభార్యత్వం రెండవ మూసిన గది. అనుచరుల ముందు బహిరంగంగా కాదంటూనే అతడు రహస్యంగా అనేక వివాహాలు చేసుకున్నాడని ఆమె ఆధారాలు చూపించారు, 48 మంది స్త్రీల జాబితా ఇచ్చారు.

బ్రోడీ స్మిత్‌ను అసహ్యించుకోలేదని పుస్తకం చదివినవారికి తెలుస్తుంది. కథలు అల్లే అతడి శక్తిని, జనాన్ని కట్టిపడేసే ఆకర్షణను, నవ్వును, ధైర్యాన్ని ఆమె ప్రేమగానే చిత్రించారు. మొదట తెలిసి కట్టిన కథనే అతడు క్రమంగా తానే నమ్మడం మొదలుపెట్టాడని, మోసంగా మొదలైనది విశ్వాసంగా మారిందని ఆమె నిర్ణయం. 1844 జూన్ 27న ఇల్లినాయ్ రాష్ట్రంలోని కార్తేజ్ చెరసాలలో అల్లరిమూక కాల్పులకు స్మిత్ చనిపోయే ఘట్టం చదివే పాఠకుడు అతడి వైపే ఉంటాడు.

పరిశోధన రోజుల్లో సాల్ట్ లేక్ నగరంలోని సంఘ గ్రంథాలయంలో ఆమెకు పెదనాన్నే అడ్డునిలిచారు. అక్కడి ప్రాచీన పత్రాల కోసం ఆమె మళ్ళీ అర్జీ పెట్టలేదు. కుటుంబం ఇబ్బందిపడుతుందని తెలుసు. పుస్తకం వచ్చాక మోర్మన్ పండితుడు హ్యూ నిబ్లీ ‘కాదమ్మా, అది చరిత్ర కాదు’ అని పేరుపెట్టి ఒక చిన్న ఖండన గ్రంథం వెలువరించాడు. ఆ ‘అమ్మా’ అనడంలో వెటకారం తెలుస్తూనే ఉంది. అప్పటికి ఆమెకు చరిత్రలో పట్టా లేదు, ఏ విశ్వవిద్యాలయంలోనూ ఉద్యోగం లేదు. పైగా స్త్రీ, ఇంట్లో పసిబిడ్డ.

ద్వేషించినవాడు, కాల్చేసిన కాగితాలు

రెండవ పుస్తకం రావడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. ఈ మధ్యలో ముగ్గురు పిల్లల పెంపకం, భర్త ఉద్యోగం మారి కాలిఫోర్నియాకు తరలిరావడం. 1959లో ‘థాడియస్ స్టీవెన్స్: స్కర్జ్ ఆఫ్ ద సౌత్’ వెలువడింది. పెన్సిల్వేనియాకు చెందిన స్టీవెన్స్, అంతర్యుద్ధం తర్వాత విముక్తులైన నల్లజాతివారికి పూర్తి పౌరసత్వం కావాలని కాంగ్రెసులో పట్టుబట్టిన నాయకుడు. 14వ రాజ్యాంగ సవరణ వెనక ఉన్న ముఖ్యుల్లో ఒకడు. ఓడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకు అతడంటే పరమ ద్వేషం. ఆ ద్వేషం అర్ధశతాబ్దం గడిచినా చావలేదు. 1915 నాటి మూగచిత్రం ‘ద బర్త్ ఆఫ్ ఎ నేషన్’లో అతడిని పోలిన పాత్రను విలన్‌గా చూపించారు.

పుట్టుకతో వంకరపాదం, పేదరికం, పెళ్ళిలేని జీవితం, ఇంట్లో ఏళ్ళ తరబడి గృహనిర్వాహకురాలిగా ఉన్న మిశ్రజాతి వితంతువు లిడియా హామిల్టన్ స్మిత్. వీటన్నింటినీ శత్రువులు అతడి మీద విసరడానికి రాళ్ళుగా వాడుకున్నారు. బ్రోడీ వాటినే ఒక మనిషిని అర్థంచేసుకునే ఆధారాలుగా చూశారు. అవమానం ఎరిగినవాడికి అవమానితుల పక్షం వహించడం ఎలా సహజమైందో, అదే గాయం అతడి మాటలో కాఠిన్యంగా ఎలా బయటపడిందో చెప్పారు. పౌరహక్కుల ఉద్యమం ఊపందుకుంటున్న రోజుల్లో వచ్చిన ఆ పుస్తకం స్టీవెన్స్ గురించిన పాత తీర్పును తిరగదోడిన రచనల్లో ఒకటి.

మూడవ వ్యక్తి రిచర్డ్ బర్టన్ దగ్గరికి ఆమెను నడిపించింది మళ్ళీ పుట్టింటి దారే. 1860లో బర్టన్ సాల్ట్ లేక్ నగరానికి వచ్చి మోర్మన్లను చూసి ‘ద సిటీ ఆఫ్ ద సెయింట్స్’ అనే యాత్రాగ్రంథం రాశాడు. 1963లో దాని కొత్త ముద్రణకు బ్రోడీ సంపాదకత్వం వహించారు. అక్కడ పుట్టిన ఆసక్తి ఫలితమే 1967 నాటి ‘ద డెవిల్ డ్రైవ్స్’.

భారతీయ పాఠకులకు ఈ పుస్తకం మరింత దగ్గరిది. బర్టన్ 1842లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి బొంబాయిలో దిగాడు. సింధులో పనిచేస్తూ అనేక భాషలు నేర్చాడు. 1853లో ముస్లిం యాత్రికుడి వేషంలో మక్కా వెళ్ళాడు. 1883లో కామసూత్రం ఆంగ్లానువాదం అతడి చొరవతోనే వెలువడింది. దాని వెనక భగవాన్‌లాల్ ఇంద్రజీ వంటి భారతీయ పండితుల శ్రమ ఉంది. 1890లో అతడు ట్రియెస్ట్ నగరంలో చనిపోయాక, భార్య ఇసబెల్ అతడి చివరి అనువాదం రాతప్రతిని, దశాబ్దాల డైరీలను కాల్చేసి, మూడేళ్ళ తర్వాత తానే భర్త జీవిత చరిత్ర ప్రకటించింది. ఆధారాలను బూడిద చేసిన చేతులే చరిత్ర రాశాయి. ఆ బూడిద పక్కన నిలబడి మిగిలిన పుస్తకాలలో, పాదసూచికలలో, ఉత్తరాలలో బర్టన్‌ను వెతకడం బ్రోడీ చేసిన పని. ఈ పుస్తకం మీద పెద్ద వివాదం రాలేదు, మెప్పే ఎక్కువ వచ్చింది. ఆ దశలోనే ఆమె లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం చరిత్ర శాఖలో పాఠాలు చెప్పడం ప్రారంభించారు. పీహెచ్‌డీ లేకుండానే ప్రొఫెసర్ అయ్యారు.

మాంటిసెల్లో గదులు

1974లో వచ్చిన ‘థామస్ జెఫర్సన్: ఎన్ ఇంటిమేట్ హిస్టరీ’ ఆమెకు అన్నిటికంటె ఎక్కువ పాఠకులను, అన్నిటికంటె ఎక్కువమంది ప్రత్యర్థులను తెచ్చింది. మనుషులందరూ సమానులుగా సృష్టింపబడ్డారని స్వాతంత్ర్య ప్రకటనలో రాసిన జెఫర్సన్ జీవితాంతం బానిసల యజమాని. భార్య మార్తా 1782లో చనిపోయింది. ఆమె తండ్రికి ఒక బానిస స్త్రీ వల్ల కలిగిన కూతురు శాలీ హెమింగ్స్. అంటే మార్తాకు సవతి చెల్లెలు, జెఫర్సన్‌కు ఆస్తి. జెఫర్సన్ పారిస్‌లో రాయబారిగా ఉన్నప్పుడు, 1787లో, అతడి చిన్న కూతురికి తోడుగా పద్నాలుగేళ్ళ శాలీ అక్కడికి వెళ్ళింది.

వాళ్ళిద్దరి సంబంధం గురించి 1802లో జేమ్స్ కాలెండర్ అనే పత్రికా రచయిత తొలిసారి అచ్చువేశాడు. పదవి దొరకక జెఫర్సన్ మీద కోపం పెంచుకున్నవాడు కనుక చరిత్రకారులు అతడి మాట కొట్టిపారేశారు. 1873లో శాలీ కొడుకు మాడిసన్ హెమింగ్స్, ఒహాయో రాష్ట్రంలో ఒక చిన్న పత్రికకు తన జీవితకథ చెబుతూ, తమ తండ్రి జెఫర్సనేనని స్పష్టంగా అన్నాడు. పిల్లలకు ఇరవై ఒకటో ఏట స్వేచ్ఛ ఇస్తానన్న మాట తీసుకున్నాకనే తన తల్లి పారిస్ నుంచి తిరిగివచ్చిందనీ చెప్పాడు. అతడి మాటనూ నమ్మలేదు. జెఫర్సన్ మనవలు చెప్పిన మరో కథ ప్రకారం ఆ పిల్లల తండ్రి జెఫర్సన్ మేనల్లుళ్ళైన కార్ సోదరుల్లో ఒకడు. దాన్ని మాత్రం నమ్మారు.

బ్రోడీ అడిగిన ప్రశ్న ఇక్కడే ఉంది. రెండూ కుటుంబాలు చెప్పిన కథలే. ఒకటి యజమాని కుటుంబానిది, ఒకటి బానిస కుటుంబానిది. ఒకదాన్ని సాక్ష్యమని, మరొకదాన్ని పుకారని ఎందుకంటున్నారు? ఆమె మాడిసన్ కథనాన్ని అనుబంధంలో యథాతథంగా ముద్రించారు. జెఫర్సన్ మీద ఆరు సంపుటాలు రాసిన డ్యూమా మలోన్ ఈ సంబంధాన్ని ఒప్పుకోనివాడు; అతడు తయారుచేసిన తేదీల పట్టికనే ఆమె ముందుపెట్టుకున్నారు. చరిత్రకారుడు విన్త్రాప్ జోర్డన్ అంతకు ముందే గమనించిన సంగతిని దాని మీద పెట్టి చూశారు. శాలీ ప్రతి కాన్పుకు తొమ్మిది నెలల ముందు జెఫర్సన్ మాంటిసెల్లోలోనే ఉన్నాడు. అతడు ఊళ్ళో లేని కాలంలో ఆమె ఒక్కసారీ గర్భం దాల్చలేదు. పెద్దవాళ్ళైన నలుగురు పిల్లలకూ విముక్తి దొరికింది. మాంటిసెల్లోలో ఉన్న మిగతావారిలో చాలామందికి ఆ అదృష్టం లేదు. జెఫర్సన్ పోయాక అప్పులు తీర్చడానికి 1827 జనవరిలో సుమారు 130 మందిని వేలానికి పెట్టారు.

ఇంతవరకు ఆమె వాదం గట్టిది. కాని బ్రోడీ ఇక్కడ ఆగలేదు. 1788లో హాలండ్, జర్మనీ ప్రాంతాల పర్యటన డైరీలో జెఫర్సన్ నేల రంగును వర్ణించడానికి ‘ములాటో’ అన్న మాట ఎనిమిదిసార్లు వాడాడని, నలుపు తెలుపు జాతుల కలయికతో పుట్టినవారికి వాడే ఆ మాట అతడి మనసులో శాలీ ఉందనడానికి గుర్తని రాశారు. నేల రంగుకు ఆ మాట ఆ కాలంలో మామూలు వాడుకేనని విమర్శకుడు గారీ విల్స్ ఎద్దేవాచేశాడు. అతడన్నది నిజం. మాట వెనక కోరికను వెతకడం మనోవిశ్లేషణ ఇచ్చిన అలవాటు. రోగి ఎదురుగా ఉంటే వైద్యుడు మళ్ళీ అడిగి సరిచూసుకోవచ్చు. రెండువందల ఏళ్ళ కిందట పోయిన మనిషిని మళ్ళీ అడగడానికి లేదు.

కొత్త సాక్షి

1998 నవంబరులో ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న పరిశోధన పత్రం వెలువడింది. విశ్రాంత పాథాలజిస్టు యూజీన్ ఫాస్టర్, అతడి సహచరులు చేసిన పరీక్ష అది. తండ్రి నుంచి కొడుకుకు దాదాపు మార్పు లేకుండా వచ్చే వై క్రోమోజోమును పట్టుకుని వాళ్ళు వంశాలను పోల్చారు. జెఫర్సన్‌కు బతికిబట్టకట్టిన కొడుకు లేడు కనుక అతడి పెదతండ్రి వంశంలోని పురుషుల నమూనాలు తీసుకున్నారు. శాలీ చిన్న కొడుకు ఎస్టన్ వంశీకుడి నమూనా వాటితో సరిపోయింది. కార్ వంశంతో సరిపోలేదు. చరిత్రకారులు నూటపాతికేళ్ళు నమ్మిన యజమాని కుటుంబపు కథ ఎస్టన్ విషయంలో కూలిపోయింది.

పరీక్ష చెప్పని సంగతీ గుర్తుంచుకోవాలి. ఆ క్రోమోజోము థామస్‌దా, అతడి తమ్ముడు రాండాల్ఫ్‌దా అన్నది అది తేల్చలేదు. అందుకే కొందరు పండితులు నేటికీ అంగీకరించరు. కాని తేదీలు, మాడిసన్ సాక్ష్యం, పిల్లల విముక్తి, ఈ పరీక్ష, అన్నీ కలిపి చూసి, మాంటిసెల్లోను నిర్వహించే థామస్ జెఫర్సన్ ఫౌండేషన్ 2000 జనవరిలో శాలీ పిల్లలందరికీ తండ్రి జెఫర్సనే అయి ఉండే అవకాశం చాలా ఎక్కువని ప్రకటించింది. ఈ పరీక్షకు ఏడాది ముందే ఆనెట్ గోర్డన్-రీడ్ అనే న్యాయశాస్త్ర ఆచార్యురాలు, పాత చరిత్రకారులు సాక్ష్యాలను ఎంత పక్షపాతంతో తూచారో ఒక పుస్తకంలో వివరంగా చూపించింది. బ్రోడీ అడిగిన ప్రశ్నకు అది పూర్తి జవాబు.

అదే పరీక్ష బ్రోడీ ఊహనూ కాదంది. శాలీకి పారిస్ నుంచి వచ్చాక పుట్టిన మొదటి కొడుకు టామ్ బతికాడని ఆమె నమ్మారు. అతడు థామస్ వుడ్సన్ అని ఒక కుటుంబం తరతరాలుగా చెప్పుకుంటోంది. వుడ్సన్ వంశీకుల క్రోమోజోము జెఫర్సన్ వంశంతో సరిపోలలేదు. మొదటి పుస్తకం విషయంలో దెబ్బ ఇంకా సూటిగా తగిలింది. జోసెఫ్ స్మిత్ రహస్య సంతానంలో ఆలివర్ బ్యూయెల్ ఒకడని ఆమె దృఢంగా రాశారు. ఫోటోలో కనిపించే ముఖపోలికే తిరుగులేని ఆధారమన్నారు. 2007లో వెలువడిన జన్యుపరీక్ష ఫలితం ప్రకారం అతడు స్మిత్ కొడుకు కాదు. 48 మంది భార్యల జాబితా కూడా అలాగే నిలవలేదు. టాడ్ కాంప్టన్ 1997లో మరింత కఠినంగా పరిశీలించి 33 మందిని లెక్కతేల్చాడు.

ఈ రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టుకుంటే ఒక సంగతి స్పష్టమవుతుంది. బ్రోడీ తేదీలను, సాక్ష్యాలను, ఎవరి మాట ఎందుకు నమ్మలేదన్న ప్రశ్నను పట్టుకున్నచోట నిలిచారు. ముఖపోలికను, ఒక మాట మోగిన తీరును పట్టుకున్నచోట జారారు. ఆమె కాలానికి తెలియని మరొక లోపాన్ని తర్వాతి తరం చూపించింది. జెఫర్సన్, శాలీల కథను ఆమె ప్రేమకథగా చెప్పారు. పద్నాలుగు, పదహారేళ్ళ బాలికకూ ఆమెను ఆస్తిగా కలిగిన నలభై దాటిన పురుషుడికీ మధ్య ‘ప్రేమ’ అనే మాట ఎంతవరకు చెల్లుతుందన్న ప్రశ్న ఆ పుస్తకంలో బలంగా వినిపించదు.

ఆఖరి ఇద్దరు

చివరి పుస్తకం నిక్సన్ గురించి. అబద్ధం ఒక మనిషి స్వభావంలో ఎలా వేళ్ళూనుతుందన్నది ఆమెను మొదటినుంచీ వేధించిన ప్రశ్న. స్మిత్‌తో మొదలైన ఆ ప్రశ్న నిక్సన్ దగ్గర ముగిసింది. సుమారు నూటయాభై మందిని కలిసి మాట్లాడారు. నిక్సన్ బాల్యం, క్షయతో పోయిన అన్న, చిన్నతనంలోనే పోయిన తమ్ముడు, మిగిలినవాడి మనసులోని బరువు, ఇవన్నీ తవ్వారు. ఈ పని నడుస్తుండగానే 1978 నవంబరులో బెర్నార్డ్ క్యాన్సర్‌తో చనిపోయాడు. 1980లో ఆమెకూ ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడింది. జీవితంలో ఎన్నడూ పొగతాగని మనిషి. రాతప్రతి మాత్రం పూర్తిచేశారు. ఆమె పోయిన తర్వాత 1981లో అచ్చయిన ఆ పుస్తకం అయిదింటిలోనూ బలహీనమైనది. స్మిత్‌ను నమ్మకపోయినా అతడి మీద మమకారం ఉంది, జెఫర్సన్ మీద ఆరాధన ఉంది. నిక్సన్ మీద ఉన్నది ఏవగింపు. తన వ్యక్తిని ఒక్క క్షణమైనా లోపలినుంచి చూడలేని జీవిత చరిత్రకారుడి చేతిలో ఆధారాలు నేరారోపణ పత్రంగా మారిపోతాయి.

ఆమె వెలికితీసిన విషయాల్లో కొన్ని ఇప్పుడు మోర్మన్ సంఘం సొంత ప్రచురణల్లోనే కనిపిస్తాయి. 2014లో ప్రకటించిన వ్యాసాల్లో స్మిత్ బహుభార్యత్వాన్ని ఒప్పుకుంటూ, వివాహాల సంఖ్య ముప్ఫై నలభై మధ్య ఉండవచ్చని రాశారు. 2015లో స్మిత్ వాడిన రాయి ఫోటో అచ్చువేశారు. బ్రోడీ నిర్ణయాలను సంఘం ఆమోదించిందని దీని అర్థం కాదు. గ్రంథం దైవదత్తమనే వారి విశ్వాసం. కాని ఒకప్పుడు వెలివేతకు దారితీసిన పుస్తకంలోని సంగతులు కొన్ని ఇప్పుడు విశ్వాసులే చదువుకుంటున్న చరిత్ర.

ఇక ఆమె జీవితంలోని ఆఖరి ఘట్టం. 1980 చివర ఆసుపత్రిలో ఉన్నప్పుడు, చాలాకాలంగా అంత రాకపోకలు లేని తమ్ముడు థామస్ చూడటానికి వచ్చాడు. మోర్మన్ పద్ధతిలో తనకు ఆశీర్వాదం ఇవ్వమని ఆమె అడిగారు. అతడు ఇచ్చాడు. తండ్రి ఇంట్లో చిన్నప్పుడు విన్న ఆ మాటలు వినాలన్న కోరిక అర్థంచేసుకోవడానికి మనోవిశ్లేషణ అక్కరలేదు. కాని ఆమె జీవిత చరిత్రకారిణి. ఈ సంఘటన కథగా మారి ఎక్కడెక్కడికి పోతుందో, ఎవరెవరు దాన్ని ఎలా వాడుకుంటారో ఆమెకు బాగా తెలుసు. కొద్ది రోజులకే ఒక ప్రకటన రాయించి సంతకం చేశారు. ఆశీర్వాదం అడగడాన్ని సంఘంలోకి తిరిగివచ్చే కోరికగా ఎవరూ అర్థం చేసుకోవద్దన్నది దాని సారాంశం. ఆమె సంతకం చేసిన చివరి కాగితం అదే. 1981 జనవరి 10న శాంటా మోనికాలో కన్నుమూశారు.

ఇతరుల మూసిన గదుల ముందు జీవితమంతా నిలబడిన మనిషి తన గదిని తెరిచే ఉంచి వెళ్ళారు. ఆశీర్వాదం అడిగానన్న సంగతి ఆమె దాచలేదు, దాని అర్థాన్ని ఇతరుల ఊహకూ వదల్లేదు. ఆమెను చదవదలచినవారు ‘నో మాన్ నోస్ మై హిస్టరీ’తో మొదలుపెట్టడం మంచిది. 1971లో ఆమె సవరించి, స్మిత్ మనస్తత్వం మీద కొత్త అనుబంధం చేర్చిన ముద్రణ దొరుకుతుంది. ఆ తర్వాత జెఫర్సన్ పుస్తకం, దాని పక్కనే గోర్డన్-రీడ్ పుస్తకం పెట్టుకుని చదవాలి. ముఖపోలికలు వచ్చినచోట కాస్త ఆగి, తేదీలు వచ్చినచోట ఆమె వెంట నడిస్తే చాలు.